పంపుసెట్టు ఇంజను పిస్టన్, హెడ్డు ఇంటి దగ్గర శుభ్రం చేసుకోవడం – పాలిష్ ఎంతవరకు?

రెండేళ్ళ క్రితం రబీలో నాగావళి ఒడ్డున మొక్కజొన్న వేసిన ఒక రైతు తుండుగుడ్డలో చుట్టిన పిస్టన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. విప్పి బల్ల మీద పెడితే కొత్త ఇత్తడి చెంబులా మెరుస్తోంది. "ఎలా ఉంది సార్?" అన్నారు. ఫోనులో ఒక వీడియో చూశారట. మోటారు సైకిళ్ళ పందేలవాళ్ళు పిస్టన్ తలను, హెడ్డు లోపలి గదిని అద్దంలా రుద్దుతారు, దాంతో పవర్ పెరుగుతుందని చెబుతారు. ఈయన అద్దెకు గ్రైండర్ తెచ్చి, ఎమరీ చక్రం వేసి, రెండు రోజులు కష్టపడ్డారు. ఇంజను బిగించాక హ్యాండిల్ తిప్పి తిప్పి చేతులు పడిపోయాయి గాని స్టార్ట్ కాలేదు. ఎలాగో స్టార్ట్ అయ్యాక తెల్లపొగ, ఆ తర్వాత నీలిపొగ. నెల తిరక్కుండా లైనర్, పిస్టన్, రింగులు మూడూ మార్చాల్సి వచ్చింది. ఆ మార్చే వారం రోజులూ చేను పీచు వేసే దశలో ఉంది. మొక్కజొన్నకు పూత, పీచు దశల్లో తడి తప్పితే కంకిలో గింజ కట్టదని మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంజను ఖర్చు కంటే ఆయనకు ఆ నష్టమే ఎక్కువ.

ఆయన చేసిన పనిలో సగం మంచిదే. హెడ్డు విప్పి మసి తీయడం ప్రతి డీజిల్ ఇంజనుకూ ఎప్పుడో ఒకప్పుడు చేయాల్సిన పని. జాగ్రత్తగా చేస్తే ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. మసి వదిలిన తర్వాత లోహాన్ని కూడా రుద్దడం మొదలుపెట్టినప్పుడు తేడా వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బోర్లకు కరెంటు మోటార్లు వచ్చాక డీజిల్ ఇంజన్లు తగ్గాయి గాని పోలేదు. నాగావళి, వంశధార, చంపావతి ఒడ్డున ఉన్న చేలకు, కాలువ చివరి భూములకు, చెరువులోంచి ఒకటి రెండు తడులు తోడుకునే చోట ఇవాళ్టికీ ఇంజనే ఆధారం. అందుకే ఈ వ్యాసం.

పిస్టన్ మీద చోటు ఎంత?

మన ప్రాంతంలో ఎక్కువగా కనపడే 5 హార్స్‌పవర్, 1500 ఆర్‌పీఎం ఇంజన్లలో కిర్లోస్కర్ ఎ.వి.1 రకం ఒకటి. దాని బోరు 80 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ., కంప్రెషన్ నిష్పత్తి 16.5:1. పిస్టన్ కింది నుంచి పైకి వచ్చేటప్పుడు నెట్టే గాలి సుమారు 553 సి.సి. అది పూర్తిగా పైకి వచ్చాక పిస్టన్‌కు, హెడ్డుకు మధ్య మిగిలే మొత్తం చోటు 36 సి.సి. లోపే. అంటే ఏడు టీ చెంచాల నీళ్ళు పట్టే చోటు. అర లీటరు పైచిలుకు గాలిని అంత చిన్న చోట కుక్కడం వల్లే అది 500 డిగ్రీల దాకా వేడెక్కి, నాజిల్ నుంచి వచ్చిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. డీజిల్ ఇంజనుకు ప్లగ్గు లేదు. ఆ కుక్కుడే దాని ప్లగ్గు.

ఇప్పుడు పిస్టన్ తల మీద అర మిల్లీమీటరు లోహం అరగదీశారనుకోండి. 80 మి.మీ. వెడల్పు మీద అర మిల్లీమీటరు అంటే రెండున్నర సి.సి., అర చెంచా. ఆ అర చెంచా చోటు పెరిగితే 16.5 ఉండాల్సిన నిష్పత్తి 15.5కు పడిపోతుంది. పందెం బండిలో కూడా ఇది లాభం కాదు. మన ఇంజనులో అయితే చలికాలం తెల్లవారుజామున స్టార్ట్ కాకపోవడానికి ఇదొక్కటే చాలు. పైగా చేత్తో పట్టుకున్న గ్రైండర్ అంతటా ఒకే లోతు తీయదు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ తీస్తుంది.

పిస్టన్ తలలో ఉండే గిన్నె లాంటి గుంటను చాలామంది అరుగుదల అనుకుంటారు. అది కంపెనీవారు కొలిచి పెట్టిన గుంట. నాజిల్ చల్లిన డీజిల్ గాలితో సుడి తిరిగి కలిసేది అందులోనే. దాని అంచు పదునుగా ఉండాలి. "గరుకుగా ఉంది" అని ఆ అంచును గుండ్రం చేస్తే పొగ పెరుగుతుంది, డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది.

మెరుపు వల్ల లాభం ఏమీ లేదా అంటే, పెట్రోలు పందెం ఇంజన్లలో కొంత ఉంటుంది. వాటిలో హెడ్డు లోపల పదునైన గరుకులు ఎర్రగా కాలి, ప్లగ్గు నిప్పు రాకముందే పెట్రోలును అంటిస్తాయి, నునుపు చేస్తే అది తగ్గుతుంది. వాళ్ళు మిల్లీమీటరులో వందో వంతు కొలుస్తారు, అరిగిన చోటుకు తగ్గట్టు గాస్కెట్ మందం కూడా మారుస్తారు. నీళ్ళు తోడే డీజిల్ ఇంజనులో ఆ అవసరం లేదు. ఎంత అద్దంలా రుద్దినా కొన్ని గంటలు నడిచేసరికి మళ్ళీ పల్చటి నల్లపొర కప్పేస్తుంది. ఆ పల్చటి పొర వల్ల ఇంజనుకు ఏ హానీ లేదు. మన పెద్దలు పైన పటారం లోన లొటారం అన్నది ఇలాంటి పనికే.

ఎప్పుడు విప్పాలి?

ఇంజను బాగా నడుస్తుంటే, పొగ లేకపోతే, మసి ఉందేమో చూద్దామని హెడ్డు విప్పకండి. విప్పిన ప్రతిసారీ గాస్కెట్ మార్చాలి, బిగింపులో తప్పుకు అవకాశం ఇచ్చినట్టే. ఎన్ని గంటలకు మసి తీయాలో మీ ఇంజను పుస్తకంలో ఉంటుంది. పుస్తకం పోయి ఉంటే డీలరును అడిగి జిరాక్స్ తీసుకోండి, లామినేషన్ చేయించి షెడ్డులో కట్టండి. గంటల లెక్క కోసం గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టినా చాలు.

విప్పాల్సిన సూచనలు ఇవి. హ్యాండిల్ తిప్పితే ముందున్నంత బరువు తెలియడం లేదు. అదే నీరు, అదే ఎత్తు, అయినా గొట్టం ధార తగ్గింది. డీజిల్ ఖర్చు పెరిగింది. లోడు పడితే నల్లపొగ ఆగడం లేదు. సైలెన్సరు విప్పి చూస్తే దారి మూసుకుపోయేంత గట్టి మసి ఉంది. ఈ చివరిది ముందుగా చూడండి. చాలాసార్లు సైలెన్సరు, ఎగ్జాస్ట్ గొట్టం శుభ్రం చేస్తేనే సగం జబ్బు నయమవుతుంది, హెడ్డు జోలికి వెళ్ళక్కర్లేదు.

మన జిల్లాల్లో ఈ పనికి మంచి సమయం వానాకాలం. కాలువ నీరు వచ్చి ఇంజను షెడ్డులో ఖాళీగా ఉండే శ్రావణ, భాద్రపదాల్లో చేసుకుంటే ఏదైనా విడిభాగం దొరక్కపోయినా తొందర ఉండదు. మొక్కజొన్నకు తడి పెట్టే ముందు రోజు సాయంత్రం మాత్రం మొదలుపెట్టకండి.

అల్యూమినియమా, ఇనుమా?

పని మొదలుపెట్టే ముందు పిస్టన్ దేనితో చేసిందో తెలియాలి. పాడైన స్పీకరులోని అయస్కాంతం ముక్క చాలు. పిస్టన్ తల మీద పెడితే అంటుకుంటే పోత ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియం. రాజ్‌కోట్ నుంచి వచ్చిన పాత బరువు ఇంజన్లు, పెద్ద చక్రాలతో నిదానంగా తిరిగేవి, కొన్నిట్లో పోత ఇనుము పిస్టన్లు ఉంటాయి. 1500 ఆర్‌పీఎం ఇంజన్లలో ఎక్కువగా అల్యూమినియమే.

తేడా ఎందుకంటే, అల్యూమినియం మెత్తన. స్క్రూడ్రైవరు, హాక్సా బ్లేడు, ఉక్కు వైరు బ్రష్ దాని మీద గాట్లు పెడతాయి, ఆ గాట్లలోనే మసి మళ్ళీ గట్టిగా పట్టుకుంటుంది. ఇంకొక పెద్ద ప్రమాదం కాస్టిక్ సోడా. ఇనుప సామాను నానబెట్టినట్టు అల్యూమినియం పిస్టన్‌ను కాస్టిక్ నీళ్ళలో వేస్తే అది నురగలు కక్కుతూ కరుగుతుంది. అప్పుడు వచ్చే హైడ్రోజన్ వాయువు నిప్పుకు అంటుకుంటుంది. ఒక గ్రామంలో రాత్రి నానబెట్టి పొద్దున చూస్తే రింగు గాళ్ళు వెడల్పయిన పిస్టన్‌ను నేను చూశాను. టాయిలెట్ కడిగే ఆసిడ్ కూడా వాడకూడదు.

నేను వ్యవసాయ పట్టభద్రుణ్ణి, మెకానిక్కును కాదు. ఈ పని నాకు నేర్పింది పాలకొండ రోడ్డులో చిన్న షెడ్డు పెట్టుకున్న ఒక పాత మెకానిక్. ఆయన దగ్గర మసి తీసే పనిముట్లు మూడే ఉండేవి: చివర చెక్కిన వెదురు బద్ద, కొబ్బరి పీచు, డీజిల్‌లో తడిపిన పాత నూలు గుడ్డ. ఉద్దానంలో కొబ్బరి పీచుకు కరువా? గ్రైండర్ అద్దె కంటే అది చవక.

మసి తీసే పద్ధతి

ఇంజను చల్లారాక మొదలుపెట్టండి. నీళ్ళ తొట్టి ఖాళీ చేసి, డీజిల్ కుళాయి కట్టేసి, నాజిల్‌ను, దాని గొట్టాన్ని విప్పి గొట్టాల మూతులకు శుభ్రమైన పాలిథిన్ కట్టండి. విప్పిన నట్లు, రాకర్, పుష్ రాడ్లు ఏది ఎక్కడిదో అట్టముక్క మీద గీసి, ఆ గుర్తుల్లోనే గుచ్చి పెట్టండి. రెండు వాల్వులూ చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు. హెడ్డు నట్లు ఒకేసారి ఒకటి పూర్తిగా ఊడదీయకుండా, మూలకు మూల, అన్నీ కొంచెం కొంచెం వదులు చేస్తూ రండి. హెడ్డు అంటుకుపోతే చెక్క సుత్తితో పక్కల తట్టండి. గాస్కెట్ సందులో ఉలి పెట్టి లేపితే ఆ గాటు నుంచి జీవితాంతం కంప్రెషన్ కారుతుంది.

ఇప్పుడు చక్రం తిప్పి పిస్టన్‌ను పూర్తిగా పైకి తీసుకురండి. పిస్టన్ అంచుకు, లైనర్‌కు మధ్య సన్నటి సందు కనిపిస్తుంది. వేలితో గ్రీజు తీసుకుని ఆ సందు చుట్టూ దట్టంగా పూయండి. నీళ్ళ రంధ్రాలు, పుష్ రాడ్ల రంధ్రాలు గుడ్డలతో మూసేయండి. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క మాటే గుర్తు పెట్టుకోవాలంటే ఈ గ్రీజు మాటే గుర్తు పెట్టుకోండి. రాలిన మసి, ఇసుక రేణువు ఆ సందులోకి పోతే రింగు దాన్ని లైనర్ మీద ఉలిలా లాగుతుంది. మొదట చెప్పిన రైతు ఇంజనును చంపింది అరిగిన అర మిల్లీమీటరు ఒక్కటే కాదు. ఎమరీ రజను అంతకంటే ఎక్కువ చెరుపు చేసింది. ఆ రజను అల్యూమినియంలో గుచ్చుకుంటే ఎన్నిసార్లు కడిగినా రాదు. అందుకే పిస్టన్ ఇంజనులో ఉండగా ఎమరీ పేపరు, సాండ్ పేపరు, వాల్వు రుద్దే పేస్టు ఏవీ సిలిండర్ దగ్గరికి తేవద్దు.

డీజిల్‌లో తడిపిన గుడ్డను పిస్టన్ తల మీద పరిచి మూడు నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా వదిలేయండి. గట్టి మసి మెత్తబడుతుంది. తర్వాత వెదురు బద్దతో మధ్య నుంచి అంచు వైపు కాకుండా, అంచు నుంచి మధ్యకు గీకుతూ రండి. రాలిన దాన్ని గుడ్డతో ఎత్తండి, నోటితో ఊదకండి. మిగిలిన మరకను పీచుతో రుద్దండి. లోహం రంగు కనపడితే చాలు, అక్కడితో ఆపండి. గుంటలో అక్కడక్కడా గోధుమ రంగు మరక మిగిలినా ఫరవాలేదు. రింగులు మార్చకుండా ఉన్న పాత ఇంజనులో పిస్టన్ అంచు చుట్టూ సన్నటి మసి వలయాన్ని కావాలని వదిలేసే మెకానిక్కులు ఉన్నారు. అరిగిన చోట అది నూనెను కొంత అడ్డుకుంటుందని వాళ్ళ అనుభవం. ఆ పద్ధతిని నేను తప్పు పట్టను.

అయ్యాక చక్రం కొద్దిగా తిప్పి పిస్టన్‌ను ఒక అంగుళం కిందికి దించండి. లైనర్ గోడకు గ్రీజు వలయం, దానికి అంటుకున్న నల్లరజను కనిపిస్తాయి. శుభ్రమైన గుడ్డతో తుడవండి. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. గుడ్డకు నలుపు అంటని దాకా చేయండి. చివర లైనర్‌కు వేలితో కొంచెం ఇంజన్ ఆయిల్ రాయండి.

హెడ్డును బల్ల మీదికి తెచ్చుకున్నాక పని సులువు. లోపలి గది, వాల్వుల ముఖాలు, ఎగ్జాస్ట్ దారి అదే పద్ధతిలో గీకండి. హెడ్డు పోత ఇనుముదైతే ఇక్కడ మెత్తటి ఇత్తడి బ్రష్ వాడవచ్చు. పాలిష్ అనే మాట నిజంగా పనికొచ్చే చోటు ఒకటి ఇక్కడుంది: ఎప్పుడో వాల్వు ముక్కో, రాయో తగిలి లోపల లేచిన పదునైన మొన. 600 నంబరు వాటర్ పేపరును డీజిల్‌లో ముంచి, ఆ మొనను మాత్రమే వేలితో రుద్ది నున్నగా చేసి, మొత్తం హెడ్డును డీజిల్‌తో రెండుసార్లు కడగండి. అంతకు మించి వద్దు.

వాల్వులు కారుతున్నాయో లేదో తెలుసుకోవడానికి హెడ్డును పక్కకు తిప్పి, గాలి వచ్చే దారిలో, తర్వాత పొగ పోయే దారిలో కొంచెం డీజిల్ పోయండి. పది నిమిషాల్లో వాల్వు అంచు చుట్టూ చెమ్మ ఊరితే సీటింగు పోయినట్టు. ఆ పని మెకానిక్కుకు ఇవ్వండి. నాజిల్ కొన మీది మసిని గుడ్డతో తుడవవచ్చు గాని రంధ్రాల్లో సూది, బ్రష్ తీగ పెట్టకూడదు. దాన్ని నాజిల్ టెస్టింగ్ ఉన్న షాపులో ప్రెషరు చూపించండి.

ముట్టుకోకూడని చోట్లు

హెడ్డు, లైనర్ ఆనే గాస్కెట్ ముఖాలను రుద్దకండి. పాత గాస్కెట్ ముక్కలు డీజిల్‌లో నానబెట్టి గీకి, ఉక్కు స్కేలు నిలువుగా పెట్టి వెలుతురుకు చూడండి. కింద వెలుగు కనపడితే హెడ్డు వంగింది, లేత్ పనికి పంపాలి. పాత రాగి గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిపే తీయండి.

పిస్టన్ పక్కలు కూడా అంతే. అక్కడ కనిపించే సన్నటి గీతలు నూనె నిలవడానికి పెట్టినవి. ఇక లైనర్ లోపల అడ్డంగా, ఏటవాలుగా కనిపించే గీతలు హోనింగ్ గుర్తులు. చాలామంది రైతులు "లైనర్ అద్దంలా ఉంది సార్, కొత్తదే" అంటారు. అద్దంలా ఉండటమే దాని జబ్బు. గీతలు అరిగిపోయి గోడ నున్నబడితే నూనె నిలవదు, రింగు పట్టదు, నూనె పైకెక్కి నీలిపొగ వస్తుంది. దీన్ని మెకానిక్కులు గ్లేజింగ్ అంటారు.

బిగించడం

కొత్త గాస్కెట్ తప్పనిసరి, మందం పాతదే ఉండాలి. హెడ్డు నట్లు మధ్య నుంచి బయటికి, మూలకు మూల, మూడు విడతల్లో బిగించండి. చివరి విడత టార్క్ స్పానరుతో, పుస్తకంలో ఇచ్చిన అంకెకు. టార్క్ స్పానరు ఊళ్ళో ట్రాక్టరు మెకానిక్కు దగ్గర అడిగితే గంటసేపు దొరుకుతుంది.

పిస్టన్ తీసి పెట్టినా, గాస్కెట్ రకం మారినా, ఇదివరకు ఎవరైనా పిస్టన్ తలను రుద్దారని అనుమానం ఉన్నా సీసం తీగ పరీక్ష చేయించండి. మెత్తటి సీసం తీగ రెండు ముక్కలు గ్రీజుతో పిస్టన్ తల మీద చదును భాగంలో, పిన్ను ఉండే వరుసలో అంటించి, హెడ్డు పూర్తిగా బిగించి, చక్రాన్ని చేత్తో నిదానంగా ఒక చుట్టు తిప్పాలి. విప్పితే తీగ నలిగి ఉంటుంది. ఆ మందమే పిస్టన్‌కు, హెడ్డుకు మధ్య ఉన్న సందు. వెర్నియర్‌తో కొలిచి పుస్తకంలోని అంకెతో పోల్చాలి. తక్కువైతే పిస్టన్ తగులుతుంది, ఎక్కువైతే కంప్రెషన్ రాదు. చక్రం తిప్పుతుంటే ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలవంతం చేయకండి, విప్పి చూడండి.

తర్వాత టాపెట్ గ్యాపు సరిచేసి, డీజిల్ లైనులో గాలి తీసి స్టార్ట్ చేయండి. గాలి తీసేటప్పుడు గాని, నాజిల్ బయట పెట్టి చూసేటప్పుడు గాని చేయి అడ్డం పెట్టవద్దు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న చుక్కలా కనపడినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాల్సిన గాయం అది. శుభ్రం చేయడానికి పెట్రోలు వాడవద్దు. గ్రైండరుకు వైరు చక్రం వేసి మసి కొట్టవద్దు, ఊడిన తీగ కంటికి తగులుతుంది. ఇంజను షెడ్డులో మూసిన తలుపుల వెనక నడపవద్దు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది.

మసి మళ్ళీ ఎందుకొస్తుంది?

శుభ్రం చేసిన మూడు నెలలకే మళ్ళీ నిండితే తప్పు పిస్టన్‌ది కాదు. పొగ రంగు చూడండి. నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదు, లేదా నాజిల్ చుక్కలుగా కారుతోంది. మన దగ్గర మొదటి కారణం ఎయిర్ క్లీనరే. నూర్పుల రోజుల్లో అదే ఇంజనును నూర్పిడి యంత్రానికి తగిలిస్తారు. ఊక దుమ్ము, నది ఒడ్డున అయితే ఇసుక, అంతా దాంట్లోకే. ఆయిల్ బాత్ రకమైతే గిన్నెలో నూనె గుర్తు దాకా ఉండాలి. నూర్పుల రోజుల్లో ప్రతి సాయంత్రం చూసి, బురదగా ఉంటే మార్చాలి. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, రింగులో, లైనరో, వాల్వు గైడో అరిగింది. తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కంప్రెషన్ తక్కువ, లేదా టైమింగ్ తప్పింది, లేదా గాస్కెట్ నుంచి నీరు దిగుతోంది.

ఎవరూ పట్టించుకోని కారణం ఇంకొకటి ఉంది: చిన్న పంపుకు పెద్ద ఇంజను. "పెద్దదైతే మన్నుతుంది" అని 3 హార్స్‌పవర్ చాలే పనికి 8 హార్స్‌పవర్ ఇంజను పెట్టి, సగం రేజులో గంటల తరబడి నడుపుతారు. ఇంజను తగినంత వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, మసి, జిగురు రింగుల గాళ్ళలో చేరతాయి, లైనర్ నున్నబడుతుంది. నీళ్ళ తొట్టిలో మరీ చల్లటి నీరు ఆగకుండా తిప్పినా ఇదే ఫలితం. బయటికి వచ్చే నీరు చేతికి బాగా వేడిగా తగలాలి.

చాన్నాళ్ళు పక్కన పెట్టిన ఇంజను సంగతి వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. మూల పడేసిన ఇంజన్లన్నీ అప్పుడు బయటికి వచ్చాయి. తుప్పు పట్టి బిగుసుకున్న వాటిని ట్రాక్టరుతో లాగి తిప్పి కనెక్టింగ్ రాడ్డు వంచుకున్న వాళ్ళున్నారు. అలాంటి ఇంజనుకు ముందు నాజిల్ విప్పి, ఆ రంధ్రంలోంచి ఇంజన్ ఆయిల్, డీజిల్ కలిపి కొంచెం పోసి ఒక రోజు నాననివ్వండి. తర్వాత చేత్తో అటూ ఇటూ కదపండి. వరదలో మునిగిన ఇంజను అయితే నాజిల్ విప్పకుండా ఒక్క చుట్టు కూడా తిప్పవద్దు. నీరు గాలిలా నలగదు, రాడ్డు వంగుతుంది.

స్ప్రేయర్లు, పవర్ టిల్లర్లు

పెట్రోలు, ఆయిల్ కలిపి పోసే చిన్న స్ప్రేయరు, గడ్డికోత యంత్రాల్లో మసి ఎక్కువగా చేరేది పొగ పోయే రంధ్రంలో. సైలెన్సరు విప్పి, తాడు లాగుతూ పిస్టన్ ఆ రంధ్రాన్ని పూర్తిగా మూసేలా నిలిపి, పుల్లతో గీకి, యంత్రాన్ని తలకిందులు చేసి రాలగొట్టండి. దీనికి పాలిష్ ఆలోచనే అక్కర్లేదు. యంత్రం మీద రాసిన పాళ్ళలో టూ స్ట్రోక్ ఆయిల్ కలిపితే మసి తగ్గుతుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపేవారికి మాత్రం ఏటా ఈ పని తప్పదు. పవర్ టిల్లరు హెడ్డు ఇంటి దగ్గర విప్పమని నేను చెప్పను. దాన్ని సర్వీసుకు ఇవ్వండి.

యంత్రాల నిర్వహణ మీద శిక్షణ ఎప్పుడు ఉంటుందో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో గాని, పార్వతీపురం మన్యం వైపు వారు రస్తాకుంటుబాయి కేంద్రంలో గాని అడగండి. ఫోనులో సలహాకు కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800-180-1551, తెలుగులోనే మాట్లాడవచ్చు. అడిగేటప్పుడు ఇంజను పేరు, హార్స్‌పవర్, ఆర్‌పీఎం, పొగ రంగు చెప్పండి.

బిగించిన ఇంజనును మొదటి రోజు ఒక గంట లోడుతో నడిపి ఆపండి. పూర్తిగా చల్లారాక పుస్తకం చెప్పిన పద్ధతిలో హెడ్డు నట్లు మళ్ళీ సరిచూసి, టాపెట్ గ్యాపు ఇంకోసారి కొలవండి. నట్లు సరిచేస్తే ఆ గ్యాపు మారుతుంది. ఆ వారంలోనే ఇంజన్ ఆయిల్ మార్చేయండి. ఎంత జాగ్రత్తగా తుడిచినా కొంత మసి కిందికి దిగే ఉంటుంది.